జంటే కుదరని టీవీ ప్రేమకథ
సంక్రాంతికి టీవీ కోసమే తీసిన ఆ ప్రేమకథ మా నల్లగొండలోనే నడుస్తుందని తెలిసి, ఇంటిల్లిపాదినీ పిలిచి కూర్చోబెట్టాను. పెళ్లిచూపుల్లో గొడవపడ్డ ఇద్దరికీ ఒకే ఆఫీసులో ఉద్యోగం. పాత కథే, ఫర్వాలేదు. ఇలాంటి సినిమాను నిలబెట్టేది జంట. ఇక్కడ ఆ జంటే కుదరలేదు.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం సీనే చూడండి. గర్భగుడిలో శివలింగం వెనక పగలంతా కదలకుండా నిలిచే స్తంభం నీడను అతను ఆమెకు చూపిస్తాడు. ఆమె "అబ్బ!" అంటుంది గానీ, చూపు నీడ మీదా లేదు, అతని మీదా లేదు. అతనేమో బస్టాండు మైకులో బస్సుల టైము చెప్పినట్టు డైలాగ్ అప్పజెప్పేశాడు. ప్రేమ పుట్టాల్సిన చోటు అదే! ఎంత బాధనిపించిందో.

ప్రతి మాటకూ 'గిట్ల' తగిలిస్తే మా యాస అయిపోదు. హీరోయిన్ తల్లిగా వేసినావిడ ఒక్కతే మా ఇంట్లో మనిషిలా మాట్లాడింది. సకినాలు చుడుతూ, తల ఎత్తకుండానే కూతుర్ని తిట్టే సీన్‌కి మా అమ్మ పడీపడీ నవ్వింది. ఆవిడ కోసం మొదటి అరగంట చూడొచ్చు. ఆ తర్వాత ఆవిడ కనిపించదు.