పితరుల పాపాలు: శాప విమోచనా, దానియేలు ఒప్పుకోలా, ఎవరి పాపం వాళ్లదేనా? ఏది మేలు?

ఇంట్లో పెళ్లిళ్లు కుదరకపోయినా, అప్పులు తీరకపోయినా, వరసగా చావులు జరిగినా మన సంఘాల్లో ఎవరో ఒకరు అనే మాట ఒకటుంది: "ఇది పితరుల శాపం, తెంచాలి." వెంటనే ఉపవాస కూటం, ఇంటిపేరు ఎత్తి ప్రార్థన, నూనెతో అభిషేకం. ఇంకోవైపు, "తాత చేసినదానికి నాకేం సంబంధం? ఎవరి పాపం వాళ్లదే" అనేవాళ్లున్నారు. వీళ్లిద్దరూ పెద్దగా పట్టించుకోని మూడో దారి, పితరుల తప్పును మనదిగా కలుపుకుని ఒప్పుకోవడం, దానియేలు ప్రార్థనలో ఉంది.

శాప విమోచన బోధకు ఆధారంగా చూపేది నిర్గమకాండం 20వ అధ్యాయం. తండ్రుల దోషం మూడు నాలుగు తరాల వరకు పిల్లల మీదికి వస్తుందని అక్కడ ఉన్నమాట నిజమే. కానీ అది దేవుణ్ణి ద్వేషించేవారి గురించి. ఆయన్ను ప్రేమించేవారికి వేయి తరాల వరకు కరుణ ఉంటుందని ఆ పక్క వచనమే చెబుతుంది, కూటాల్లో అంతదాకా చదవరు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి "ఎవరి పాపం, వీడిదా, వీడి తల్లిదండ్రులదా?" అని శిష్యులు అడిగితే యేసు రెండూ కాదన్నాడు. క్రీస్తు శాపాన్ని తన మీద వేసుకుని మనల్ని విమోచించాడని గలతీ పత్రిక 3వ అధ్యాయం అంటుంటే, ఏటా కొత్తగా తెంచాల్సిన శాపం ఎక్కడ మిగిలింది? తాగుడు, ఆడవాళ్లను కొట్టడం కొన్ని ఇళ్లలో తరాలుగా నడుస్తాయి, కాదనను. వాటికి కావలసింది డీఅడిక్షన్, కౌన్సెలింగ్, ఏళ్ల తరబడి పక్కన నిలబడే సంఘం.

ఈ బోధలో నాకు అన్నిటికంటే అభ్యంతరం వేరే చోట ఉంది. మన తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది దళిత కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు. "మీ పూర్వీకులు విగ్రహాలకు మొక్కారు, అందుకే ఈ పేదరికం" అని వాళ్లతో మోకాళ్లూనించడం ఎంత అన్యాయం! వాళ్ల తాతలకు భూమి లేకుండా చేసింది, బావి దగ్గరికి రానివ్వనిది ఇంకొకరి తాతలు. దెబ్బ తిన్నవాడితోనే పశ్చాత్తాపం చేయిస్తున్నాం.

"ఎవరి పాపం వాళ్లదే" అనేవాళ్లకు యెహెజ్కేలు 18వ అధ్యాయం గట్టి అండ. తండ్రులు పుల్లని ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయన్న సామెత ఇక పలకొద్దని దేవుడే అంటాడు. శిక్ష విషయంలో అదే ఆఖరి మాటని నేనూ నమ్ముతాను. చిక్కల్లా ఆస్తి దగ్గర వస్తుంది. తాత పాపం నాది కాదంటాం, తాత పొలం మాత్రం నాదే.

దానియేలు చిన్న వయసులోనే బబులోనుకు చెరగా పోయినవాడు. ఆయన మీద దోషం మోపిన వచనం ఒక్కటీ కనిపించదు. అయినా 9వ అధ్యాయంలో "మేము పాపం చేశాం" అంటూ పితరుల దోషాన్ని తనతో కలిపి ఒప్పుకుంటాడు. నెహెమ్యా కూడా నేనూ నా తండ్రి ఇంటివారూ అంటాడు. ఆ ప్రార్థనలు తమ సొంత ఇంటి కష్టం గురించి కాదు, పాడైన యెరూషలేము గురించి, చెదిరిపోయిన ప్రజల గురించి. దావీదు ఇంకో అడుగు ముందుకేశాడు. గిబియోనీయులనే జాతివాళ్లను చంపించింది తనకు ముందు రాజైన సౌలు, కానీ "మీకు నేనేం చేయాలి?" అని వాళ్లనే పిలిచి అడిగింది దావీదు. దాని తర్వాత జరిగిన సౌలు వంశస్థుల ఉరితీతలు మనకు ఆదర్శం కావు. ఆ అడగడం మాత్రం మనకు కావాలి.

ఇంగ్లండ్ సంఘం (చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్) ఈ దారిలో నడవడానికి ప్రయత్నించింది. క్రిస్టఫర్ కాడ్రింగ్టన్ 1710లో చనిపోతూ బార్బడోస్‌లోని తన చెరకు తోటల్ని, బానిసలతో సహా ఎస్‌పీజీ అనే ఆ సంఘపు మిషన్ సొసైటీకి రాసిచ్చాడు. కొంతకాలం ఆ బానిసల ఛాతీ మీద 'సొసైటీ' అని కాల్చి ముద్ర వేసేవారు. విముక్తి వచ్చాక ప్రభుత్వ పరిహారం అందింది కూడా సొసైటీకే, బానిసలకు పైసా లేదు. ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల ప్రాంతాల్లో మన మాల మాదిగలకు బడులు పెట్టింది కూడా ఈ ఎస్‌పీజీనే. ఆ మేలు మరిచిపోలేం, ఆ ముద్రనూ మరిచిపోకూడదు. 2006లో ఇంగ్లండ్ సంఘ మహాసభ క్షమాపణ తీర్మానం చేసింది. బానిస వ్యాపారంతో ముడిపడిన పాత నిధికి ప్రాయశ్చిత్తంగా 10 కోట్ల పౌండ్లు కేటాయిస్తున్నట్టు సంఘ ఆస్తుల్ని చూసే కమిషనర్లు ప్రకటించింది 2023లో. మాటకూ డబ్బుకూ మధ్య 17 ఏళ్లు.

ఈ దారికున్న ప్రమాదం అదే. చచ్చినవాళ్ల తరఫున ఏడవడానికి ఖర్చేముంది? ప్రవక్తలకు సమాధులు కట్టి, మేమే ఆ రోజుల్లో ఉంటే అలా చేసేవాళ్లం కాదన్న పరిసయ్యుల్ని యేసు గట్టిగానే మందలించాడు. పన్నులు వసూలు చేసే జక్కయ్య మాత్రం అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు.

కాబట్టి రోగం, అప్పు, పెళ్లి గురించి బెంగ ఉన్న ఇంటికి యెహెజ్కేలు చాలు, శాపం టెన్షన్ అక్కర్లేదు. కులం, భూమి, సంఘం ఆస్తి దగ్గరికొస్తే దానియేలు ఒప్పుకోలే మేలు, జక్కయ్య లెక్క పక్కన ఉంటేనే. సమాధుల తోటలో కులానికో వైపు ఉంచుకున్న సంఘం అలాంటి ప్రార్థన పెట్టుకోదలిస్తే, ఆ హద్దు తీసేసే తేదీ కూడా అదే నోటీసులో వేయాలి.