ఎర్త్‌సీ పుస్తకంలో ఆ జ్వరం రాత్రి

ఉర్సులా లె గ్విన్ రాసిన 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' నర్సింగ్ కాలేజీ రోజుల నుంచీ నా దగ్గర ఉంది. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో దొరికిన కాపీ. హాస్టల్ నుంచి అద్దె గదికి, అక్కడి నుంచి అత్తగారింటికి, ఎక్కడికి మారినా ట్రంకు పెట్టెలో నాతోనే వచ్చింది. కథ చాలామందికి తెలిసిందే. మేకలు కాసుకునే కుర్రాడు గెడ్ మంత్రవిద్య నేర్చుకుంటాడు, తోటివాడి మీద పంతంతో చేయకూడని పని చేసి ఒక నీడను లోకంలోకి వదిలేస్తాడు, ముందు దాని నుంచి పారిపోయి తర్వాత దాన్నే వెంటాడతాడు. అది మళ్లీ ఇక్కడ విప్పి చెప్పను. నేను రాయాలనుకున్నది ఐదో అధ్యాయంలో వచ్చే ఒక రాత్రి గురించి. ఈ పుస్తకం గొప్పదని ఎవరితో అన్నా నా మనసులో మెదిలేది ఆ నాలుగైదు పేజీలే. దీని మీద నాకున్న ఒక్క కోపం కూడా ఆ పేజీల్లోనే ఉంది.

కాలేజీలో చదివినప్పుడు ఆ అధ్యాయం నన్ను పెద్దగా ఆపలేదు. అప్పుడు నచ్చినవి వేరు. రోక్ దీవిలో మంత్రవిద్యాలయం, ఎటు చూసినా సముద్రం, వందల దీవులు. చిన్నప్పుడు మనం విన్న కథల్లో మాంత్రికుడంటే రాజకుమారిని ఎత్తుకుపోయేవాడు, ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం దాచుకునేవాడు. ఇక్కడ మాంత్రికుడే కథానాయకుడు. పైగా ఎంత పెద్ద మాంత్రికుడైతే మంత్రం అంత తక్కువ వాడతాడు. గెడ్ మొదటి గురువు ఒగియన్ భూకంపాన్ని ఆపినవాడు, కానీ వాన పడుతుంటే దాన్ని పక్కకి తోలకుండా ఒక చెట్టు కింద తడుస్తూ పడుకుంటాడు. ఇక్కడ వాన తెప్పిస్తే ఇంకో దీవిలో కరువు రావచ్చని రోక్‌లో గురువులు చెబుతారు. అది అప్పట్లో నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇప్పటికీ అది మంచి ఆలోచనే. కాకపోతే మళ్లీ చదివినప్పుడల్లా ఆ భాగాలు త్వరత్వరగా దాటేసి ఐదో అధ్యాయానికి వెళ్లిపోతున్నాను.

సంగతి ఇది. చదువు పూర్తయిన గెడ్‌ని లో టోర్నింగ్ అనే చిన్న ఊరికి పంపిస్తారు. పక్కనే పెండోర్ దీవిలో డ్రాగన్లు, వాటి భయంతో ఆ ఊరివాళ్లు ఒక మాంత్రికుడిని కోరుకుంటారు. అక్కడ పెచ్‌వారీ అనే పడవలు కట్టే మనిషితో గెడ్‌కి స్నేహం కుదురుతుంది. పెచ్‌వారీకి ఒక చిన్న కొడుకు, పేరు యొయెత్. ఆ పిల్లాడికి జబ్బు చేస్తుంది. ముందు ఊళ్లో వైద్యం చేసే ముసలావిడను పిలుస్తారు. ఒకటి రెండు రోజులు తగ్గినట్టే ఉంటుంది. తర్వాత గాలివాన రాత్రి పెచ్‌వారీ వచ్చి గెడ్ తలుపు దబదబా బాదుతాడు.

గెడ్ వెళ్లేసరికి తల్లి పిల్లాడి పక్క దగ్గర మాట్లాడకుండా ముడుచుకుని కూర్చుని ఉంటుంది. ముసలావిడ మూలికల వేళ్లు కాల్చి పొగ వేసి, తనకు తెలిసిన వాటిలో మేలైన మంత్రం పాడుతుంటుంది. గెడ్ దగ్గరికి రాగానే మెల్లగా చెప్పేస్తుంది: ఇది ఎర్రజ్వరం, పిల్లాడు ఈ రాత్రికి దక్కడు. గెడ్ పిల్లాడి మీద చేతులు పెట్టి చూస్తాడు. అతనికీ అలాగే అనిపిస్తుంది. గాయం మాన్పు, జబ్బు నయం చెయ్యి, పోయే ప్రాణాన్ని మాత్రం పోనివ్వు అన్నది మూలికల గురువు దగ్గర అతను నేర్చుకున్న మొదటి పాఠమూ, చివరి పాఠమూ. ఆ పాఠం గుర్తొచ్చి ఒక్క క్షణం వెనక్కి తగ్గుతాడు. తల్లి అది కనిపెట్టి గొల్లుమంటుంది. భర్త ఆమెను ఊరుకోబెడతాడు: ఏడవాల్సిన పని లేదు, ఆయన వచ్చేశాడు, ఆయన కాపాడతాడు అని.

అంతే, గెడ్ ఆగలేకపోతాడు. తన అంచనా మీద తనకే అనుమానం వస్తుంది, జ్వరం దిగితే బతుకుతాడేమో అనుకుంటాడు. వాననీళ్లు తెప్పించి పిల్లాడికి ఒళ్లు తుడుస్తాడు, మంత్రం చదువుతాడు. మంత్రం పట్టదు. చేతుల్లోనే పిల్లాడు పోతున్నాడని తెలిసి, ఆ పోయే ప్రాణం వెనకే తన ప్రాణాన్నీ పంపిస్తాడు. చీకటి కొండవాలు మీద పిల్లాడు దిగువకి పరిగెడుతూ కనిపిస్తాడు. ఆకాశంలో ఎప్పుడూ చూడని నక్షత్రాలు, ఎన్నటికీ అస్తమించనివి. పిల్లాడు అందడు. వెనక్కి తిరిగి ఎక్కడం ఒక్కో అడుగూ నరకం. పైన చిన్న రాతిగోడ. గోడకి ఇవతల, బతికున్నవాళ్ల వైపు, అతను ఒకప్పుడు వదిలిన నీడ కాచుకుని ఉంటుంది.

పిల్లల ఐసీయూలో చేరి కొన్నేళ్లు గడిచాక ఈ పేజీలు నాకు వేరేగా తెరుచుకున్నాయి. వానాకాలం, డెంగీ కేసులు వరసగా వస్తున్న రోజులు. ఒక నైట్ డ్యూటీలో ఐదారేళ్ల బాబుని షాక్‌లో తీసుకొచ్చారు. చేతులు, కాళ్లు చల్లగా ఉన్నాయి, నాడి చేతికి దొరకట్లేదు. ఆ వార్డులో ఎప్పటి నుంచో పనిచేస్తున్న సీనియర్ సిస్టర్ లైను పెడుతూనే నా వైపు చూసి, "తెల్లారేదాకా ఉండడమ్మా ఈ బాబు" అంది, నాకొక్కదానికే వినపడేలా. డ్యూటీ డాక్టర్ వయసులో చిన్నవాడు, మంచి పనిమంతుడు. ఆయన వచ్చి స్టెతస్కోప్ పెట్టి ఒక్క క్షణం ఆగాడు. తల్లి ఆ ఆగడం చూసింది. అంతవరకూ బొమ్మలా కూర్చున్న మనిషి ఒక్కసారిగా ఏడ్చింది. ఆమె భర్త, "ఊరుకోవే, డాక్టరు గారు వచ్చేశారుగా, ఆయన చూసుకుంటారు" అన్నాడు.

ఆ రాత్రి చేయాల్సినవన్నీ చేశాం. గుండె ఆగాక సీపీఆర్ కూడా ఎంతసేపు చేయాలో అంతకన్నా ఎక్కువే చేశాం. ఆపమని ఆయన చెప్పలేకపోయాడు. చివరికి సిస్టర్ ఆయన మోచెయ్యి పట్టుకుని, "ఇక చాలు సార్" అంది. చేతులు కడుక్కుంటూ ఆయన అన్న మాట ఒకటే: "వాళ్ల నాన్న అలా అన్నాక ఎలా ఆపను సిస్టర్?"

తర్వాతి ఆఫ్ రోజున ఎందుకో ఈ పుస్తకం తీశాను. ఐదో అధ్యాయంలో ఆ తండ్రి మాట దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మూసి లేచి వెళ్లి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను. గెడ్ తప్పు చేసింది మంత్రంలో కాదు. తనకు తెలిసిన సంగతిని ఆ తండ్రి నమ్మకం ముందు నోరు తెరిచి చెప్పలేకపోయాడు. 1968లో పిల్లల కోసమని వచ్చిన పుస్తకంలో, అదీ డ్రాగన్ల అధ్యాయంలో, ఇది ఇంత సరిగ్గా ఎలా ఉందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. వైద్యం మీద వచ్చిన కథలు, సీరియళ్లు చాలా చూశాను. ముందు తెలిసిపోవడం, తెలిసీ పని మొదలుపెట్టడం, ఆపలేకపోవడం, ఈ మూడూ వరసగా, ఒక్క ఉపన్యాసం లేకుండా ఎవరూ చూపించలేదు.

వృత్తిరీత్యా ఒక్క మాట. ఇవాళైతే జ్వరానికి చల్లటి వాననీళ్లతో ఒళ్లు తుడవం. చల్లటి నీళ్లు తగిలితే వణుకు పుట్టి ఒళ్లు ఇంకా వేడెక్కుతుంది. అవసరమైతే గోరువెచ్చని నీళ్లే వాడతాం. ఆ ఎర్రజ్వరానికి ఏ నీళ్లయినా ఒకటేలెండి.

ఇక నా కోపం. మొదట్లో ఈ అధ్యాయాన్ని కనపడినవాళ్లందరికీ ఏ లోపమూ లేనిదని పొగిడేదాన్ని. ఇప్పుడు అలా అనలేను. ఆ రాత్రి గదిలో నిజం తెలిసినదీ, తెలిసి చెప్పినదీ ఆ ముసలావిడే. గెడ్ అది విని కూడా ముందుకెళ్లాడు. తర్వాత అతను స్పృహ తప్పి కట్టెలా పడిపోతే, నిద్రపోతున్నాడో పోయాడో ఎవరికీ అర్థం కాక అతని ఇంటికి మోసుకెళ్తారు. పక్కన నిప్పు రాజేసి కూర్చునేది మళ్లీ ఆవిడే. అప్పుడు రచయిత్రి ఏం చేసిందంటే, తెల్లవారుజాముకి ఆవిడ పొయ్యి దగ్గర కునికిపాట్లు పడేలా చేసింది. గెడ్ వెంట తిరిగే ఓటాక్ అనే చిన్న జంతువు దూలం మీద నుంచి దిగి వచ్చి, అతని చేతులు, కణతలు నాకి స్పృహలోకి తెస్తుంది. ఆ జంతువుకి పేరుంది, హోగ్. అది చేసిన పని వల్ల గెడ్ ఒక పెద్ద సత్యం కూడా నేర్చుకుంటాడు, తక్కిన ప్రాణులకు దూరంగా ఉండకూడదని. ముసలావిడకి మాత్రం పేరు లేదు. పిల్లాడిని పోగొట్టుకున్న తల్లికీ లేదు. అసలు ఈ కథ నడిచేదే పేర్ల మీద. నిజమైన పేరు తెలిస్తే ఆ వస్తువు మీద పట్టు వస్తుందనే లోకం అది. అలాంటి లోకంలో ఆ ఇద్దరు ఆడవాళ్లకి పేరు పెట్టకపోవడం నన్ను గుచ్చుతుంది.

ఓటాక్ ఘట్టం అందంగానే ఉంది, దాన్ని కాదనను. కానీ రాత్రంతా మేలుకుని కూర్చుని తెల్లారగట్ల కాస్త కన్ను మూతపడటం ఏమిటో నాకు తెలుసు. ఆ కునుకొక్కటే రాసి, అంతకుముందు ఆవిడ మేలుకున్న రాత్రిని వదిలేస్తే ఎలా?

పుస్తకమంతా చూసినా ఇదే ధోరణి. గెడ్‌కి మొట్టమొదట మంత్రం నేర్పింది ఊళ్లో చిట్కా వైద్యాలు చేసే తల్లి తోబుట్టువే. అయినా ఆడవాళ్ల మంత్రం చేతకానిదీ, చెడ్డదీ అన్న అర్థంలో గెడ్ పుట్టిన దీవిలో సామెతలున్నాయి. రోక్ విద్యాలయంలో ఆడపిల్లలకి ప్రవేశమే లేదు. సెరెట్ అనే అందగత్తె వస్తే అది ఆశపెట్టి లొంగదీయడానికే. నా సహోద్యోగి ఒకావిడకి పుస్తకం ఇస్తే సగంలో తిరిగిచ్చేసి, "మన పని అంతా మంత్రసాని పని కింద కొట్టేశారమ్మా" అంది. వాదించలేకపోయాను.

లె గ్విన్‌కి కూడా ఇది తెలుసు. మగ వీరుల కథల పాత సంప్రదాయంలోనే మొదటి మూడు పుస్తకాలు రాశానని తర్వాత ఆవిడే చెప్పుకుంది. మూడోది 1972లో వచ్చింది. పద్దెనిమిదేళ్లు గడిచాక 1990లో 'తెహాను' అనే నాలుగోది రాసింది, దానికి నెబ్యులా అవార్డు వచ్చింది. అందులో నడివయసు రైతు వితంతువు టెనార్, ఒళ్లు కాలిన చిన్నపిల్లని తెచ్చుకుని పెంచుతుంది. అప్పటికి గెడ్‌కి శక్తులన్నీ పోయాయి. ముసలివాడైన ఒగియన్ చనిపోయేటప్పుడు పక్కన ఉన్నది టెనారే. పోయే ముందు ఆయన తన అసలు పేరు ఆమెకి చెప్పి పోతాడు. తర్వాత ఇద్దరు మాంత్రికులు వచ్చి, ఆయన్ని ఎక్కడ పాతిపెట్టాలో ఆమె ఎదురుగానే వాదించుకుంటారు. ఆయన కోరిక ఏమిటో ఆమె చెబుతుంది, ఆ పేరూ చెబుతుంది. వాళ్లకి వినపడనే వినపడదు. అది చదువుతుంటే, లో టోర్నింగ్ ముసలావిడ బాకీ రచయిత్రికి గుర్తుండే ఉంటుందని నాకు గట్టిగా అనిపించింది. బాకీ మొత్తం తీరిందా అంటే చెప్పలేను. మొదటి పుస్తకంలో ఆవిడ ఇంకా పేరు లేకుండానే ఉంది. 'తెహాను'లో పసిపిల్ల కాలిన గాయాల గురించి చదవడం కూడా తేలిక కాదు. కాలిన పిల్లలకి డ్రెస్సింగ్ చేసే వార్డులో పోస్టింగ్ పడినన్నాళ్లూ నేను దాన్ని ముట్టుకోలేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఇంగ్లీషు కాస్త పాతకాలం గాథల తీరులో సాగుతుంది, సంభాషణలు తక్కువ, మొదటి ముప్పై పేజీలు ఓపిక పట్టాలి. దీవుల పేర్లు గుర్తుండవు, ముందున్న మ్యాపు చూస్తూ చదివితే నయం. గెడ్ రాగి రంగు కుర్రాడు, అతని స్నేహితుడు వెచ్ ఇంకా నలుపు, దాడికి వచ్చే కార్గ్‌లు తెల్లవాళ్లు. 2004లో వచ్చిన టీవీ సిరీస్‌లో గెడ్‌ని తెల్లవాడిగా చూపిస్తే లె గ్విన్ బహిరంగంగానే నిరసన తెలిపింది. ఆ సిరీస్ చూసి పుస్తకాన్ని అంచనా వేయకండి. జ్వరం రాత్రి తర్వాత వచ్చే డ్రాగన్ ఘట్టాన్ని కూడా తక్కువ చేయను. తనని తరిమే నీడ పేరు చెబుతానని డ్రాగన్ ఆశపెడితే, గెడ్ అది కాదని ఊరివాళ్ల రక్షణే అడుగుతాడు. ఆ పిల్లాడు దక్కని ఊరు కాబట్టే ఆ ఎంపికకి అంత బరువు వచ్చిందని నేను అనుకుంటాను.

కొనొచ్చా అంటే, నా మాట అందరికీ సరిపోకపోవచ్చు. నేను పిల్లల వార్డు మనిషిని, ఈ పుస్తకంలో నాకు కనిపించేది మీకు కనిపించకపోవచ్చు. మా అక్క కొడుక్కి తొమ్మిదో తరగతిలో ఇచ్చాను. వాడికి గెడ్ డేగగా మారి ఎగిరి వచ్చే భాగం నచ్చింది, జ్వరం రాత్రి అసలు గుర్తే లేదు. ఆ వయసులో నాకూ అది గుర్తుండేది కాదు. స్కూల్లో పోటీలు, యుద్ధాలు ఉండే మాయాజాల నవలలు కోరుకునేవాళ్లకి ఇది నిదానంగా అనిపిస్తుంది. ఇంట్లో ఈమధ్యే ఎవరినైనా, ముఖ్యంగా చిన్నపిల్లలని, పోగొట్టుకున్నవాళ్లయితే ఐదో అధ్యాయం కొన్నాళ్లు పక్కన పెట్టమనే చెబుతాను. నర్సింగ్ చదివే పిల్లలకి మాత్రం ఇదీ, 'తెహాను' రెండూ కలిపి ఇస్తున్నాను. ఒక్కటే ఇవ్వడం మానేశాను.