చలికాలం చివర్లో కొరమీనుకి బోలు రబ్బరు కప్ప: ముక్కు కారకపోతే దీనికి సాటి లేదు

కొరమీనుని గాలంతో పట్టడానికి ఎరగా వాడే ఈ బోలు రబ్బరు కప్పలో నాకు గిట్టనిది ఒక్కటే, దాని ముక్కు. దారం కట్టే కన్ను బయటికొచ్చే చోట సన్నని చీలిక ఉంటుంది. నీళ్లు లోపలికి పోయేది అక్కడి నుంచే. వానాకాలంలో ఎవరూ దీన్ని పట్టించుకోరు, పట్టించుకోనక్కర్లేదు కూడా. సంక్రాంతి దాటాక శివరాత్రి దాకా మాత్రం, పొద్దంతా పడ్డ శ్రమని నీళ్లపాలు చేసేది ఈ చీలికే.

లోపల గాలి నిండిన మెత్తటి ఒళ్లు, ఆకు పట్టకుండా వీపుకి ఆనుకుని ఉండి చేప నొక్కితేనే బయటపడే జంట ముల్లు: గాలం పట్టేవాళ్లకి ఇది కొత్తగా చెప్పేదేం లేదు. నేను చాలాకాలంగా వాడుతున్నది 5.5 సెంటీమీటర్లు, 14 గ్రాముల రకం. తామరాకుల మీద, గుర్రపుడెక్క మీద, జమ్ము సందుల్లో ఎక్కడ వేసినా చిక్కుకోకుండా వెనక్కి వస్తుంది. మామూలు ముల్లుతో ఆ చోట్ల వేస్తే మొదటి విసురుకే దారం తెంచుకోవాలి. ఆ విషయంలో దీన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే, కానీ ఆ మెప్పు కూడా కప్ప లోపల గాలి నిలిచినంతసేపే.

మన తిరుపతి వైపు చెరువులకి నీళ్లొచ్చేది ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. నిండి మొరవ పోయిన చెరువు ఫిబ్రవరికి అంచుల్లో కాస్త వెనక్కి తగ్గుతుంది. బురద అడుక్కి దిగి నీళ్లు తేటపడతాయి. పైన ఆకు మాత్రం దట్టంగానే ఉంటుంది. కొరమీను గాలి పీల్చే చేప, పైకొచ్చి గుటక వేసి మళ్లీ ఆకు కిందికి పోతుంది. నీళ్లు చల్లగా ఉన్నప్పుడు దానికి ఊపిరి అవసరం తగ్గుతుంది, ఆకలీ తగ్గుతుంది. అందుకే ఈ రోజుల్లో తెల్లవారుజామున చలిలో వెళ్లి కూర్చోవడం దండగ. ఎండ ఆకు మీద పడి పైనీళ్లు వెచ్చబడ్డాక, పది గంటల నుంచి మధ్యాహ్నం మూడింటి దాకానే అసలు వేట.

అప్పుడు కూడా చేప తొందరపడదు. ఆగస్టులోలా కప్పని గబగబా లాగితే వెంటపడదు. ఆకు మీదుగా మెల్లగా లాక్కొచ్చి, ఆకుల మధ్య ఖాళీలోకి జార్చి, 15 నుంచి 20 సెకన్లు కదపకుండా ఉంచాలి. రాడ్ కొసతో రెండుసార్లు చిన్నగా తట్టి మళ్లీ అంతసేపూ ఆపాలి. గుటక వేసిన చోటు కనబడితే సరిగ్గా దాని నెత్తిన వేయకూడదు, రెండు మూరలు అవతల వేసి అటు లాక్కురావాలి. చీలిక తన పని చేసేది ఈ ఆపిన సెకన్లలోనే. లోపలికి నాలుగైదు మిల్లీలీటర్ల నీళ్లు చేరాయంటే 4, 5 గ్రాముల బరువు పెరిగినట్టు. 14 గ్రాముల కప్పకి అది చాలా ఎక్కువ. తోక మునుగుతుంది, ముక్కు ఆకాశం చూస్తుంది, కప్ప నీళ్లలో నిలువుగా వేలాడుతుంది. వీపుకి ఆనుకుని ఉండాల్సిన ముళ్ల కొసలు ఆకు తొడిమల్లోకి దిగిపోతాయి. చిక్కుకోదు అని ఏ కప్పని కొన్నామో అదే చిక్కుకుంటుంది.

బాస్ చేప వీడియోలు చూసి మన చెరువులో దిగేవాళ్లకి ఇక్కడో మాట. ఈ కప్ప పేరు తెచ్చుకుంది అమెరికాలో, లార్జ్‌మౌత్ బాస్ వేటలో. అక్కడ చాలాచోట్ల చలికాలం చివర్లో దీన్ని పెట్టెలోంచి తీయరు. నీళ్లు 15 డిగ్రీలు దాటి బాస్ ఒడ్డు పట్టాకే దీని వాడకం. మన చెరువుల్లో ఫిబ్రవరి మధ్యాహ్నం పైనీళ్లు అంతకంటే చాలా వెచ్చగా ఉంటాయి. అందుకే వాళ్లు పక్కన పెట్టే నెలల్లో మనకి ఇది పనికొస్తుంది. వాళ్ల కాలపట్టిక మనకి పనికిరాదు.

నీళ్లు లోపలికి ఎలా పోతాయో తెలుసుకుంటే సగం బాధ తీరుతుంది. చేప నోట పట్టి నొక్కినప్పుడు లోపలి గాలి చీలిక గుండా బయటికి పోతుంది. వదిలేసిందంటే కప్ప మళ్లీ ఉబ్బుతూ అదే చీలిక గుండా నీళ్లు పీలుస్తుంది. అంటే కారడం ఎక్కువయ్యేది చేప పట్టి వదిలేసిన దెబ్బల తర్వాతే. నాలుగు దెబ్బలు తిన్నాక ముల్లు కాడ ముందుకీ వెనక్కీ ఆడి చీలికని ఇంకా సాగదీస్తుంది. దీనికి తోడు కొరమీను పళ్లు పొట్ట మీద సూదిమొనంత చిల్లులు పెడతాయి.

కారేది ఎక్కడో తెలియాలంటే కప్పని గ్లాసు నీళ్లలో ముంచి రెండు వేళ్లతో మెల్లగా నొక్కాలి. బుడగలు మూడు చోట్ల రావచ్చు: ముక్కు దగ్గర, తోక పోగులు దూర్చిన గొట్టం దగ్గర, పొట్ట కింద సీసం బరువు అతికించిన అంచు దగ్గర. నా దగ్గరున్నవాటిలో ముక్కు దగ్గర వచ్చేవే ఎక్కువ.

సూపర్ గ్లూ వేయమని అందరూ చెప్తారు. అది పట్టుకుంటుంది గానీ గాజులా గట్టిపడి, మెత్తటి ఒళ్లు వంగినప్పుడు పగిలిపోతుంది. ఒక పూట కంటే నిలవదు. పనికొచ్చేది గాలి ఊదే ఈత ట్యూబులకి వాడే వినైల్ జిగురు, ఎండాక కూడా సాగుతుంది. ముందు కప్పని ముక్కు కిందికి పెట్టి నొక్కి నీళ్లన్నీ పిండేయాలి, రాత్రంతా ఆరనివ్వాలి. తర్వాత కన్ను పట్టుకుని ముల్లు కాడని సెంటీమీటరు ముందుకి లాగి, స్పిరిట్‌తో తుడిచి, అగ్గిపుల్ల కొసతో కాడ చుట్టూ పల్చగా జిగురు పూసి వెనక్కి నెట్టాలి. చీలిక పెదాలకి పైన ఇంకో పూత వేసి ఒక రోజంతా ముట్టుకోకూడదు. వెనక ముళ్ల దగ్గర మాత్రం చుక్క కూడా పడకూడదు. అక్కడ ఒళ్లు అంటుకుపోతే చేప నొక్కినా ముళ్లు బయటపడవు. లోపల థర్మకోల్ గుళ్లు కుక్కితే మునగదని ఇంకో చిట్కా తిరుగుతోంది. మునగదు నిజమే. కానీ నిండుగా కుక్కితే ఒళ్లు నొక్కుకోదు, దెబ్బలన్నీ వృథా అవుతాయి.

కప్పకి బరువు కోసం సైకిల్ బాల్స్ వేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. వెనక చక్రం బాల్ 6.35 మిల్లీమీటర్లు, దాదాపు ఒక గ్రాము తూగుతుంది. వేసవిలో దూరం విసరడానికి రెండు వేసినా పర్లేదు. ఈ కాలంలో వద్దు, ఆపినప్పుడు తేలాలి కదా. చప్పుడు కావాలంటే ముందు చక్రం బాల్ ఒక్కటి, 4.76 మిల్లీమీటర్లది, తోక గొట్టం గుండా వేస్తే చాలు. అది అర గ్రాము కూడా ఉండదు. తోక పోగుల్లో ఒక వైపు సెంటీమీటరు పొట్టిగా కత్తిరిస్తే కప్ప తట్టినప్పుడల్లా పక్కకి తిరుగుతుంది, ఉన్నచోటే ఎక్కువసేపు ఆడించవచ్చు. పోగులు మరీ పొడుగుంటే చేప వాటినే పట్టుకుని వదిలేస్తుంది.

జంట ముల్లు విషయంలో నేను పైన చెప్పిన మెప్పుని కాస్త తగ్గించుకోవాలి. కొత్తగా వచ్చినప్పుడు ముళ్లు వీపుకి మరీ అతుక్కుని ఉంటాయి. వానాకాలంలో చేప ఊపుగా మింగుతుంది కాబట్టి తెలియదు. ఈ నెలల్లో మెల్లగా పట్టి మెల్లగా వదులుతుంది. పటకారుతో కొసల్ని రెండు మిల్లీమీటర్లు బయటికి వంచితే తగులుతాయి. అంతకు మించి వంచితే ఆకు పట్టుకుంటుంది. చేప కొట్టిన చప్పుడు వినగానే రాడ్ ఎత్తకూడదు. రీల్ బ్రేకు ముందే పూర్తిగా బిగించి ఉంచి, దారం పక్కకి జరిగి బరువు చేతికి తెలిశాక, గట్టిగా పైకి ఎత్తాలి. దానికి 40 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన) దారం నేరుగా కప్ప కన్నుకే కట్టాలి, మధ్యలో లీడర్ అనే వేరే దారం ముక్క వద్దు. సన్న దారంతో ఆకు కింది చేపని బయటికి లాగలేం.

ఆకు లేని చోట, కట్ట రాళ్ల వెంబడి, తూము ముందరి లోతులో దీన్ని వాడటం వృథా. అక్కడ లాగినప్పుడు గిర్రున తిరిగే రేకు ఎర, స్పిన్నరే మేలు. ఎక్కడ ఆకు కింద కాలువ ఉందో, ఎక్కడ బండలున్నాయో ఆ చెరువులో వల వేసే మనిషికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పూటకి కూలి మాట్లాడుకుని ఆయన పుట్టిలో వెళ్తే కప్ప పడాల్సిన చోట పడుతుంది. ఎటూ అనుమతి అడగాల్సిందే, చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకార సంఘానిదో పాటదారుదో అయి ఉంటుంది. కల్యాణి డ్యామ్ తిరుమల, తిరుపతిలకి తాగునీరు, అక్కడ గాలం మాట ఎత్తొద్దు.

నా వేట ఎక్కువగా ఆకు కమ్మిన ఊరి చెరువుల్లో, ఒడ్డు నుంచో పుట్టి నుంచో. అలాంటి చోటయితే, జిగురు పనికి ఓపిక ఉంటే, కొనండి. ఒక్కటి కాదు రెండు తీసుకోండి, ఒకటి ఆరుతుండగా ఇంకోటి వాడొచ్చు. రబ్బరు పురుగుల ఎరలున్న పెట్టెలో మాత్రం వేయొద్దు. వేరువేరు రకాల ప్లాస్టిక్ ఒకదానికొకటి తగిలితే కరిగి అంటుకుంటుంది. మన ఎండలకి కారులో వదిలేసినా ఒళ్లు సొట్టపోతుంది. సొట్టపోయినదాన్ని వేడినీళ్లలో ఓ నిమిషం ముంచితే చాలావరకు సర్దుకుంటుంది గానీ, జిగురు పట్టు మాత్రం ఇంకోసారి గ్లాసు నీళ్లలో చూసుకోవాల్సిందే. నీళ్లు తేటగా, ఆకు పల్చగా ఉన్న పెద్ద జలాశయాల్లో తిరిగేవాళ్లయితే ఈ డబ్బు స్పిన్నర్ల మీద పెట్టడమే మంచిది.