ఇంజన్ మంచిదే, ఏడిపించింది స్విచ్చులు: ఎనిమిదేళ్ళ ఔట్‌బోర్డు వాడకం తర్వాత

బోటు వెనక తగిలించే 40 హెచ్‌పీ టూ స్ట్రోక్ ఇంజన్, అదే ఔట్‌బోర్డు, బ్యాటరీ మీద కీ స్టార్ట్, స్టీరింగు పక్కన కంట్రోల్ బాక్సు. ఎనిమిదేళ్ళుగా గోదావరి వశిష్ఠ పాయలో, సఖినేటిపల్లి వైపు నుంచి అంతర్వేది దాకా, మధ్యలో లంకల్లోకి, కొబ్బరికాయలు, మేత బస్తాలు, మనుషులు, ఏ బాడుగ దొరికితే అది వేసుకుని తిప్పుతున్నాను. ఇంజన్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. వాటర్ పంపు ఇంపెల్లర్ మూడుసార్లు, రింగులు ఒకసారి మార్చాను, అంతే. కానీ ఇప్పుడు బాక్సులో ఉన్నది మూడో కిల్ స్విచ్ (నడిపేవాడి ఒంటికి కట్టిన తాడు లాగి క్లిప్పు ఊడితే ఇంజన్ ఆపేది), రెండో కీ స్విచ్, రెండో న్యూట్రల్ స్విచ్ (గేరు న్యూట్రల్‌లో ఉంటేనే సెల్ఫ్ తిరగనిచ్చేది). కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే మా ఉప్పునీళ్ళలో ఇది ఏ ఇంజన్‌కైనా పట్టే జబ్బే.

మొదటి దెబ్బ రెండో ఏడాది సంక్రాంతి వెళ్ళిన వారంలో తగిలింది. పొద్దున్నే కీ తిప్పితే సెల్ఫ్ గిర్రున తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. పదిన్నరకి ఎండెక్కాక అదే ఇంజన్ ఒక్క తిప్పుకి స్టార్ట్. మరుసటి పొద్దున మళ్ళీ అదే కథ. చలికి అలాగే ఉంటుందిలే, చోక్ ఎక్కువ ఇవ్వు అన్నారు కొందరు. మెకానిక్ వచ్చి ప్లగ్గులు మార్చాడు, కార్బురేటర్ విప్పి కడిగాడు, చివరికి సీడీఐ, అంటే ప్లగ్గుకి రవ్వ పంపించే ఎలక్ట్రానిక్ డబ్బా, పోయిందని తేల్చాడు. కొత్త సీడీఐ వేయించాను. ఆ డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది, ఎందుకంటే నాలుగో రోజు మంచుకి మళ్ళీ మొండికేసింది.

మా బోటు మీద నడిపే సరంగు, మా నాన్న వయసు మనిషి, అంతవరకూ ఏం మాట్లాడలేదు. ఆ పొద్దున మాత్రం తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి, ఎర్ర మెలికల తాడు తగిలించే ఆ కిల్ స్విచ్‌ని గట్టిగా తుడిచి, దాని సందులోకి నాలుగుసార్లు ఊదాడు. "కీ తిప్పు అబ్బాయ్" అన్నాడు. స్టార్ట్ అయింది! "ఏంటి బాబాయ్ ఇది" అంటే, "జబ్బు ఇంజన్‌కి కాదు, ఈ బుడిపెకి చెమట పట్టింది" అన్నాడు.

ఈ స్విచ్ లెక్క ఇంట్లో లైటు స్విచ్‌కి పూర్తిగా తిరగబడి ఉంటుంది, అది తెలియక చాలామంది నాలాగే డబ్బు పోగొట్టుకుంటారు. ఇంట్లో రెండు వైర్లు కలిస్తే లైటు వెలుగుతుంది. ఇక్కడ రెండు వైర్లు కలిస్తే ఇంజన్ ఆగుతుంది. సీడీఐ నుంచి వచ్చే స్టాప్ వైరుని స్విచ్ ఎర్త్‌కి కలిపేస్తుంది, నిప్పురవ్వ చచ్చిపోతుంది. క్లిప్పు లోపల ఉన్నంతసేపు ఆ రెండూ విడిగా ఉండాలి. మా దగ్గర రాత్రి మంచు కురుస్తుంది, స్విచ్ లోపల పేరుకున్న ఉప్పు ఆ తడిని పీల్చుకుంటుంది, ఆ తడి ఉప్పే రెండు వైర్ల మధ్య వంతెన కడుతుంది. వైర్లు పూర్తిగా కలవక్కర్లేదు, కాస్త కరెంటు అటు జారినా రవ్వ నీరసపడిపోతుంది. ఎండకి ఆరితే మళ్ళీ మామూలే.

కాబట్టి సెల్ఫ్ బాగా తిరిగి ఇంజన్ అందుకోకపోతే, పెట్రోలు వస్తోందని చూసుకున్నాక, ప్లగ్గు కొనకముందే స్టాప్ వైరు ఊడదీసి చూడండి. నా ఇంజన్లో స్టాప్ తెలుపు, ఎర్త్ నలుపు. అన్ని కంపెనీలకీ ఇవే రంగులు కావు, మీ ఇంజన్ పుస్తకం చూసుకోండి. కవరు తీసి, సీడీఐ దగ్గర తెల్ల వైరు కనెక్టర్ విడదీసి స్టార్ట్ చేస్తే అందుకుందంటే, తప్పు స్విచ్‌దో దాని దాకా వెళ్ళే వైరుదో. అప్పటికీ రవ్వ రాకపోతేనే కాయిల్, సీడీఐ సంగతి ఎత్తాలి. రవ్వ చూడటానికి ప్లగ్గు విప్పి పెట్టేటప్పుడు పెట్రోలు డబ్బా దగ్గర ఉండకూడదు. ఆ తెల్ల వైరుకి బ్యాటరీ నుంచి కరెంటు గానీ బల్బు గానీ తగిలించకండి, సీడీఐ మాడిపోయే ప్రమాదం ఉంది. వైరు ఊడదీసి ఉన్నప్పుడు ఇంజన్ కీతోనూ ఆగదు, చోక్ లాగి ఆపాలి. ఇంకొక మాట, మీరు నీళ్ళలో పడినా అది అలాగే పోతుంది. రేవుకి చేరేదాకా అయితే సరే, అలాగే నెలల తరబడి తిప్పేవాళ్ళని చూశాను, అది తెలివి కాదు.

ఆ పాత స్విచ్ విప్పి చూశాను. వెనక రబ్బరు మూతి చీలి ఉంది. లోపల ఇత్తడి రేకుల మీద పచ్చ చిలుము, దాని మీద పంచదారలా తెల్లటి ఉప్పు. వైరు తొడుగు గోరుతో ఒలిస్తే లోపల రాగి పోగులు బొగ్గులా నల్లగా, నలిపితే పొడి. జానెడు పైకి కోసినా అదే నలుపు, తడి వైరు లోపలికి ఒత్తిలా ఎక్కిపోయింది. పైన మాత్రం ఎవరో నల్ల టేపు అందంగా చుట్టారు. ఆ టేపు నీళ్ళని ఆపదు, లోపలికి వెళ్ళిన నీళ్ళని దాచిపెడుతుంది.

రెండో కిల్ స్విచ్ ఉన్నప్పుడు దీనికి సరిగ్గా తిరగబడ్డ గొడవ వచ్చింది. అంతర్వేది తీర్థం రోజుల్లో, బోటు నిండా జనం, రేవు నిండా జనం, ఒడ్డు దగ్గరకి వచ్చి తాడు లాగేస్తే ఇంజన్ ఆగలేదు. కీ ఆఫ్ చేశాను, ఆగలేదు. గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి చోక్ లాగితే దగ్గి దగ్గి ఆగింది. ఆ అర నిమిషం టెన్షన్ నాకే తెలుసు. బాక్సు నుంచి వచ్చే ఎర్త్ వైరు తెగిపోయింది, కీకీ తాడుకీ రెండిటికీ దారి అదే. అందుకే ఇప్పుడు రోజూ మొదటి బాడుగకి ముందు తాడు లాగి ఆగుతోందో లేదో చూస్తాను.

ఇక కీ తిప్పినా అసలు చప్పుడే లేకపోతే అది వేరే దారి. బ్యాటరీ బిగింపులు, ఫ్యూజు చూశాక, గేరు లివర్‌ని న్యూట్రల్ దగ్గర కాస్త ముందుకీ వెనక్కీ కదుపుతూ కీ తిప్పండి. ఎక్కడో ఒకచోట సెల్ఫ్ పట్టుకుందంటే న్యూట్రల్ స్విచ్ అరిగిందనో జరిగిందనో అర్థం. నాది అలాగే దొరికింది. టక్‌మని ఒక్క చప్పుడే వస్తే బ్యాటరీ, లావు కేబుళ్ళు, రిలే చూడాలి, స్విచ్ జోలికి పోనక్కర్లేదు.

మీటర్‌ని గుడ్డిగా నమ్మకండి. కీ స్విచ్ వైరులో ఒక్క పోగు మిగిలినా మీటర్ 12 వోల్టులు చూపిస్తుంది, నేను అలా ఒక పూటంతా మోసపోయాను. కారు బ్రేకు లైటు బల్బు, 21 వాట్లది, రెండు వైర్లు అతికించి పెట్టుకున్నాను. అది కూడా నిండుగా వెలిగితేనే ఆ వైరు మంచిదని నమ్ముతాను.

వేటకి వెళ్ళే మా పక్కవాళ్ళకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో నిషేధం, బోట్లు గట్టెక్కించి ఉంటాయి. ఆ తర్వాత రేవులో సగం ఇంజన్ల కీ స్విచ్చులు బిగుసుకుపోయి కనిపిస్తాయి. ఇంజన్‌కి బరకం కప్పుతారు గానీ కీ కన్నానికి ఎవరూ ఏమీ కప్పరు. ధవళేశ్వరం నుంచి వరద దిగి ఎర్రనీరు వచ్చిన నెలల్లో మాత్రం నాకు ఈ గొడవలు తక్కువ, ఏరు ఎండి ఉప్పు పైకి ఎక్కినప్పుడే ఎక్కువ.

విడిభాగాల సంగతి. చవకని తెచ్చిన ఆ రెండో కిల్ స్విచ్ అసలు కంపెనీదాని ధరలో నాలుగో వంతు, అయిదు నెలలకే స్ప్రింగు పోయింది, క్లిప్పు వదులై అలకి దానంతటదే ఊడేది. అసలుదే కొనండి. వైరు కళాయి పూసిన రాగిది, అతుకు మీద లోపల జిగురుండి వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం, కనెక్టర్లలో సిలికాన్ గ్రీజు, ఈ మూడూ చేయించాక నాలుగేళ్ళు బాగా గడిచాయి. కోనసీమ కదా, కొబ్బరినూనె రాసినవాళ్ళూ ఉన్నారు, అది కొన్నాళ్ళకి జిగురై దుమ్ము పట్టి ఇంకా చెడుతుంది, జుట్టుకే మంచిది. సాయంత్రం ఇంజన్‌తో పాటు బాక్సు మీద కూడా మంచినీళ్ళ తడిగుడ్డ పెట్టి తుడుస్తాం, పైపుతో కొట్టం.

ఈ వారం మూడో కిల్ స్విచ్ బుడిపె నొక్కితే కాస్త గట్టిగా తగులుతోంది. బాబాయ్ ఇంకా తువ్వాలు తియ్యలేదు. నాలుగోది మాత్రం కొని సీటు కింద డబ్బాలో పెట్టేశాను.