చెరకులో పసుపు ఆకు తెగులు: తట్టుకునే రకమా, శుభ్రమైన విత్తనమా?

"ఏ రకం వేస్తే పసుపు ఆకు రాదు?" ముచ్చెలు (విత్తనంగా నాటే చెరకు ముక్కలు) వెతుక్కునే రోజులొస్తే నాకొచ్చే ఫోన్లలో సగం ఇదే ప్రశ్న. ఈసారి మా రెండెకరాలకు నేనే తేల్చుకోవాల్సి వచ్చింది కాబట్టి నా లెక్క చెప్తాను.

రకం మార్చడాన్ని తీసిపారేయలేం. 1990ల మొదట్లో బ్రెజిల్‌లో ఎస్‌పీ 71-6163 అనే రకం ఈ తెగులుకు ఘోరంగా దెబ్బతింది. దాన్ని వదిలేసి వేరే రకాలు వేసుకున్నాకే అక్కడ గండం గడిచింది. రైతుకూ ఇదే సుఖం. ఒకసారి విత్తనం తెస్తే చాలు, ల్యాబుల చుట్టూ తిరిగే పని లేదు.

నాకు చిక్కల్లా "తట్టుకునే" అన్న మాటతోనే. దేన్ని తట్టుకుంటుంది? ఈ తెగులు తెచ్చే పసుపు ఆకు వైరస్‌కు పేరు ఒక్కటే గానీ లోపల జన్యురకాలు చాలా ఉన్నాయి. దొరికిన చోటును బట్టి బ్రెజిల్-పెరూ, క్యూబా, రీయూనియన్ అని పిలుస్తారు. మన దేశపు తోటల నమూనాల్లో వీటికి ఎడంగా ఉండే ఇండియా జన్యురకం బయటపడింది, దాంతోపాటు క్యూబా, బ్రెజిల్-పెరూ జన్యురకాలూ దొరికాయి. అంటుకునే శక్తిలో, తీవ్రతలో ఈ జన్యురకాల మధ్య తేడా ఉంటుందని ప్రయోగాల్లో తేలింది. పైగా ఇది సుమారు 5,900 జన్యు అక్షరాల ఆర్‌ఎన్‌ఏ వైరస్. నకలు తీసుకునేటప్పుడు తప్పులు దొర్లుతుంటాయి, వేరే వైరస్ ముక్క వచ్చి అతుక్కోవడమూ ఉంది. అసలు ఈ వైరసే అలా పాత వైరస్‌ల ముక్కలు కలిసి పుట్టిందంటారు. ఒక కొత్త చెరకు రకం మన చేతికి రావడానికి పదేళ్లకు పైనే పడుతుంది. అన్నాళ్లు వైరస్ ఉన్నచోటే ఉంటుందా?

ఇంకో మాట. తట్టుకునే రకం అంటే వైరస్ లేని రకమని కాదు. పైకి పచ్చగా ఉన్న గడలోనూ అది ఉండొచ్చు. ఆ ముచ్చెలు నాటితే మన చేత్తో మనమే పంచిపెట్టినట్టు.

శుభ్రమైన విత్తనం వైపు నేను మొగ్గడానికి కారణం ఒక్కటే. ఈ వైరస్ ఏ జన్యురకమైనా ఉండేది చక్కెర ప్రవహించే నాళాల్లోనే. మొవ్వు లోపల, మిల్లీమీటరు కూడా లేని కొనలో ఆ నాళాలు ఇంకా ఏర్పడి ఉండవు. ఆ కొనను కోసి పెంచితే వైరస్ లేని మొక్క రావచ్చు. దక్షిణాదిలో ఎక్కువగా వేసే కో 86032 రకానికి ఈ తెగులు బాగానే వస్తుంది. అయినా రకం మార్చకుండా విత్తనం మార్చుకునే దారి ఇది.

"రావచ్చు" అని ఎందుకన్నానంటే, ఒకసారి దెబ్బ తిన్నాను. ఒక నర్సరీ నుంచి ఇలా ల్యాబులో పెంచిన టిష్యూ కల్చర్ నారు తెచ్చాను. ఎనిమిదో నెలకి ఆకు పచ్చగానే ఉంది, తిప్పి చూస్తే అడుగున ఈనె మాత్రం పసుపు పూసినట్టు ఉంది. వెళ్లి అడిగితే "ల్యాబ్ మొక్కకి రోగం ఏంటండీ?" అన్నారు. నారుతోనే వచ్చిందో, ఈ వైరస్‌ను మొక్క నుంచి మొక్కకు మోసే పేనుబంక పురుగు తెచ్చిందో తేల్చలేకపోయాను. వైరస్ ఉందో లేదో చెప్పే ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష రిపోర్టు అడక్కుండా కొన్న తప్పు మాత్రం నాదే. రిపోర్టు ఇస్తే ఇంకోటి కూడా అడగండి: ఆ పరీక్ష మన దగ్గర తిరిగే జన్యురకాలన్నిటినీ పట్టుకుంటుందా? వైరస్ అక్షరాలు మారితే పరీక్ష కూడా తప్పిపోవచ్చు.

ముచ్చెలకు చేసే వేడినీళ్ల శుద్ధి గడ్డి దుబ్బు అనే మరో చెరకు తెగులుకు పనికొస్తుంది గానీ దీనికి లాభం లేదు. పేనుబంకకు మందు కొట్టడం కొత్తగా రాకుండా కొంత ఆపుతుందేమో, గడలోకి చేరిపోయినదాన్ని ఏమీ చేయలేదు.

ఖర్చు ఎక్కువే, కాదనను. అందుకే మొత్తం పొలానికి కొనలేదు. రిపోర్టున్న నారు పదిహేను సెంట్లకే తెచ్చి పాత కార్శికి (కోసిన మోళ్ల నుంచి మళ్లీ వచ్చే పంట) దూరంగా నాటాను. వాటి గడల నుంచి ఒంటికన్ను (ఒక్క మొగ్గ ఉన్న ముక్క) నారు ట్రేలలో పెంచుకుని రెండెకరాలకు సర్దుకుంటాను. పేనుబంక ఎలాగూ మళ్లీ తెస్తుంది కాబట్టి రెండో కార్శి తర్వాత తోట తీసేసి విత్తనం మారుస్తాను. మూడో కార్శి కూడా ఉంచుదామని మా నాన్నగారు ఇంకా పట్టుబడుతూనే ఉన్నారు.