ఏటెమ్ ఎస్‌డీఐ స్విచర్: కోనసీమ పెళ్లి పందిళ్లలో వాడి చూశాక

లైవ్ మిక్సింగ్‌కి స్విచర్ (ఏ కెమెరా బొమ్మ తెర మీదకి రావాలో మార్చే పెట్టె) కొనేటప్పుడు అందరూ బటన్లు, ఎఫెక్టులు చూస్తారు. ముందు పెట్టెని వెనక్కి తిప్పి ఇన్‌పుట్లు చూడండి. మా పెళ్లి వీడియో యూనిట్‌కి బ్లాక్‌మ్యాజిక్ వాళ్ల ఏటెమ్ ఎస్‌డీఐ మేం తీసుకున్నదే వెనకున్న ఆ నాలుగు బీఎన్‌సీ సాకెట్ల కోసం, అంటే ఎస్‌డీఐ (దూరం పోయే వీడియో సిగ్నల్) వైరు పెట్టే గుండ్రటి ఇన్‌పుట్ల కోసం.

ఏసీ ఫంక్షన్ హాల్లో, కెమెరాలన్నీ స్టేజీ పక్కనే ఉంటే, హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ల మిక్సర్ హాయిగా సరిపోతుంది, ఖర్చూ తక్కువ. కానీ అమలాపురం, రాజోలు, పాలకొల్లు వైపు పెళ్లంటే కోత అయిన చేలోనో కొబ్బరితోటలోనో పందిరి వేస్తారు, మండపం ఒక చివర, మన టేబుల్ భోజనాల పందిరి పక్కన ఇంకో చివర, మధ్యలో జనం, కుర్చీలు మోసే కుర్రాళ్లు, బంతికీ బంతికీ పరుగులు పెట్టే వడ్డన వాళ్లు. మామూలు హెచ్‌డీఎంఐ వైరు పది పదిహేను మీటర్లు దాటితే నమ్మలేం, పైగా దానికి లాకు లేదు. ఎవరి కాలో తగిలితే సరిగ్గా జీలకర్ర బెల్లం టైముకి బొమ్మ పోతుంది. బీఎన్‌సీ అయితే తిప్పి బిగిస్తాం, ఊడిరాదు.

వైరు విషయం కాస్త చెప్పాలి. ఎస్‌డీఐకి 75 ఓమ్‌ల కేబుల్ కావాలి. కేబుల్ టీవీకి వాడే ఆర్‌జీ6 కూడా 75 ఓమ్‌లదే, అందుకే మన ఊళ్లలో సులువుగా దొరుకుతుంది, కానీ లోపలి తీగ పూర్తి రాగిదా, ఇనుము మీద రాగి పూతా అన్నది అడిగి మరీ కొనండి. మంచి రాగి వైరు మీద 1080ఐ (ఒక్కో ఫ్రేమునీ సగం సగం గీతలుగా పంపే వీడియో) వంద మీటర్ల దాకా వస్తుంది, 1080పీ50 (సెకనుకి 50 పూర్తి ఫ్రేములు) పంపితే డేటా రెట్టింపు కాబట్టి 70 మీటర్ల లోపు పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి కనెక్టర్లు చిలుం పడతాయి, ఇంటికి రాగానే తుడిచి పెట్టుకోవాలి. ఇంకోటి, జనరేటర్ మీద నడిపేటప్పుడు ముందు కెమెరాకీ స్విచర్‌కీ కరెంటు ఇచ్చి, ఆ తర్వాతే ఎస్‌డీఐ వైరు పెట్టండి. తీసేటప్పుడు ముందు వైరు, తర్వాత కరెంటు. ఎర్తింగులో తేడా ఉంటే ఆ షాక్‌కి ఎస్‌డీఐ పోర్టు కాలిపోతుంది, దాన్ని బాగుచేయించడం చిన్న ఖర్చు కాదు.

నాలుగు ఇన్‌పుట్లకీ లోపలే స్టాండర్డ్స్ కన్వర్టర్ ఉంది, అంటే ఒక కెమెరా 1080ఐ50, ఇంకోటి 1080పీ50 ఇచ్చినా కలిపేసుకుంటుంది. అయినా మేం అన్నీ 50లోనే పెడతాం, మన కరెంటు 50 హెర్ట్జ్, 60లో పెడితే కొన్ని లైట్లు కెమెరాలో మినుకుమినుకుమంటాయి. 4కే తీసుకోదు, కెమెరా అవుట్‌పుట్ 1080కి మార్చుకోవాల్సిందే.

అసలు ఇబ్బంది హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఒక్కటి కూడా లేకపోవడం. మిర్రర్‌లెస్ కెమెరాలూ, ఫొటోలు వేసే ల్యాప్‌టాప్ అన్నీ హెచ్‌డీఎంఐవే, ఒక్కోదానికి ఎస్‌డీఐకి మార్చే ఒక్కో కన్వర్టర్ కొనాలి. చవకది మాత్రం వద్దు, అలాంటిదొకటి మాకు ఎండాకాలం పెళ్లిలో మధ్యలోనే వేడెక్కి ఆగిపోయింది. ల్యాప్‌టాప్ రిజల్యూషన్ ముందే 1920x1080కి మార్చండి, 1366x768లో ఉంటే చాలా కన్వర్టర్లు పట్టుకోవు. సెట్‌టాప్ బాక్స్ పెట్టి మ్యాచ్ చూపించమని అడిగే బంధువులకి ముందే చెప్పేయండి, హెచ్‌డీసీపీ లాకు (కాపీ చేయకుండా పెట్టేది) ఉన్న సిగ్నల్‌ని ఈ కన్వర్టర్లు తీసుకోవు. ఎల్‌ఈడీ వాల్ వాళ్ల ప్రాసెసర్‌కి ఎస్‌డీఐ ఇన్‌పుట్ ఉందో లేదో ఫోన్లోనే అడగండి, లేకపోతే అటు పక్కకి కూడా ఒక కన్వర్టర్ పట్టుకెళ్లాలి.

భీమవరంలో సొంత హాలు ఉండి పర్మనెంటుగా వైరింగ్ చేయించుకునేవాళ్లకి వేరే లెక్క. గోడలో క్యాట్6 (నెట్‌వర్క్ వైరు) వేసి హెచ్‌డీబేస్‌టీ (ఆ వైరు మీదే హెచ్‌డీఎంఐ పంపే పద్ధతి) పెట్టుకోవచ్చు, వంద మీటర్ల దాకా వస్తుంది, కాకపోతే ప్రతి లైనుకీ రెండు చివర్లా పెట్టెలు కొనాలి.

ఈ బేసిక్ మోడల్‌లో నేరుగా స్ట్రీమింగ్, రికార్డింగ్ లేవు, యూఎస్‌బీ ద్వారా ల్యాప్‌టాప్‌కి ఇచ్చి యూట్యూబ్‌లో పెట్టాలి. అవి పెట్టెలోనే కావాలంటే ఇదే సిరీస్‌లో ప్రో ఐఎస్‌ఓ మోడల్ తీసుకోండి. మూడు కెమెరాలు, ఒక ల్యాప్‌టాప్‌తో నడిచే మా యూనిట్‌కి నాలుగు ఇన్‌పుట్లు చాలు. క్రేన్, డ్రోన్ రెండూ అడిగే పార్టీలు మీకు ఎక్కువైతే ఎనిమిది ఇన్‌పుట్ల ఎక్స్‌ట్రీమ్ ఐఎస్‌ఓకే వెళ్లండి.