32 జీబీ ఫోన్, కనబడకుండా పోయిన బ్యాంకు మెసేజ్‌లు: నాలుగేళ్లు వాడాక రాస్తున్నది

మాది పదిమంది ఆడవాళ్ల డ్వాక్రా సంఘం. లీడర్‌ని కాబట్టి సంఘం ఖాతాకి నా నంబరే ఇచ్చాం. పొదుపు జమైనా, లోన్ కంతు కట్టినా బ్యాంకు మెసేజ్ నా ఫోన్‌కే వస్తుంది. రెండేళ్ల కిందట ఒక కంతు దగ్గర తేడా వచ్చింది. కట్టామని మేము, పడలేదని బ్యాంకు వాళ్లు. మెసేజ్ చూపిద్దామని ఫోన్ తీసి వెనక్కి జరుపుకుంటూ పోతే ఆ నెలదే కాదు, దానికి ముందువి కూడా ఏవీ లేవు. బ్యాంకువి ఒక్కటీ నేను చెరపలేదు. స్టేట్‌మెంట్ తీయించుకునేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ సభ్యుల ముఖం చూడలేకపోయాను.

అప్పటినుంచి మెసేజ్‌లు పోకుండా చాలా చేసి చూశాను. ఏది పనికొచ్చిందో, దేనికి డబ్బు దండగైందో చెబుతాను. ఫోన్ ఆండ్రాయిడ్, 32 జీబీ, 2021లో కొన్నాం. ఇప్పటికీ అదే వాడుతున్నాను.

అసలు నేను చేసిన తప్పు పని ఒకటుంది. ఫోన్ "స్టోరేజ్ నిండింది" అన్నప్పుడల్లా కూర్చుని ప్రకటనల మెసేజ్‌లు ఒక్కొక్కటే చెరిపేదాన్ని. గంటసేపు చెరిపినా ఫోన్ మళ్లీ అదే మాట. మా మేనల్లుడు చూసి, "అత్తా, బియ్యం బస్తా కదపకుండా ఆవాల డబ్బా ఖాళీ చేస్తున్నావు" అన్నాడు. నిజమే. ఒక ఎస్సెమ్మెస్ అంటే 140 బైట్లు. అందులో ఇంగ్లిష్ అక్షరాలైతే 160 పడతాయి, తెలుగైతే 70. పదివేల మెసేజ్‌లు ఉన్నా కొద్ది ఎంబీలే. ఈ ఫోన్ కెమెరాతో తీసిన ఒక్క ఫోటోకే మూడు నాలుగు ఎంబీలు పోతుంది.

మరి పాతవి ఎందుకు పోయాయి? ఫోన్‌తో వచ్చిన మెసేజ్ యాప్ సెట్టింగ్స్‌లో "పాత మెసేజ్‌లు తొలగించు" అని ఒకటి, నేను ఎప్పుడూ ముట్టుకోకుండానే, ఆన్‌లో ఉంది. ఒక్కొక్క నంబరుతో వెయ్యి మెసేజ్‌లు దాటితే పాతవాటిని అదే తీసేస్తుంది. నా సొంత ఖాతా కూడా ఆ బ్యాంకులోనే. పాలకి, కూరగాయలకి, ఆటోకి ఫోన్‌పే చేసిన ప్రతిసారీ ఒక మెసేజ్ వచ్చి అదే వరసలో చేరుతుంది. రోజుకి మూడు నాలుగు పడితే వెయ్యి నిండడానికి ఏడాది కూడా పట్టదు. పది రూపాయల కొత్తిమీర మెసేజ్ వచ్చి మా సంఘం కంతు మెసేజ్‌ని బయటికి నెట్టేసిందన్నమాట. ఆ సెట్టింగ్ ఆఫ్ చేశాను. అప్పటినుంచి పాత మెసేజ్ ఒక్కటి కూడా పోలేదు. ఈ సమీక్షలో అన్నిటికన్నా విలువైన మాట ఇదే. మీ ఫోన్‌లో ముందు అది చూడండి.

అయితే అంతటితో అయిపోలేదు. ఇంకో ఇబ్బంది ఉంది. ఫోన్ మెమరీ పూర్తిగా నిండితే పాతవి పోవడం అటుంచి కొత్తవి రావడమే ఆగిపోతుంది. ఒకరోజు గ్యాస్ బండ ఇచ్చే అబ్బాయి గుమ్మంలో నిలబడి కోడ్ చెప్పమంటున్నాడు, నాకు కోడే రాలేదు. గబగబా రెండు పెళ్లి వీడియోలు తీసేశాను. కొద్ది నిమిషాల్లో కోడ్‌తో పాటు పొద్దుటినుంచి ఆగిపోయిన మెసేజ్‌లన్నీ వరసగా వచ్చాయి. నెట్‌వర్క్ వాళ్ల దగ్గర అవి కొంతకాలమే ఆగుతాయి. ఆలోగా మనం చోటు చేయకపోతే అవి ఇక రావు.

చోటు ఎక్కడ దొరికిందంటే వాట్సాప్‌లోనే. నా ఫోన్‌లో అది 11 జీబీ తినేసింది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో "స్టోరేజ్ అండ్ డేటా", అందులో "మేనేజ్ స్టోరేజ్" నొక్కితే 5 ఎంబీ కన్నా పెద్దవి, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి విడివిడిగా చూపిస్తుంది. పెద్దవాటిని ముందు పెట్టుకుని చూస్తూ తీసేస్తే మొదటి రోజే 6 జీబీ వచ్చింది. మనం పంపిన ఫోటోలకి, వీడియోలకి "సెంట్" అనే ఫోల్డర్‌లో ఇంకో కాపీ ఉంటుందని చాలామందికి తెలియదు. నాకూ తెలియదు. మీటింగ్ ఫోటోలు నేనే అందరికీ పంపుతాను కాబట్టి అక్కడ గుట్టలు పడి ఉన్నాయి. తర్వాత మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేశాను. నాలుగేళ్లలో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. శుభోదయం బొమ్మలు వస్తూనే ఉంటాయి, నేను నొక్కితే తప్ప ఫోన్‌లోకి దిగవు.

ఫైల్స్ బై గూగుల్ అనే యాప్ రెండేళ్లుగా వాడుతున్నాను. 2017 డిసెంబర్‌లో ఫైల్స్ గో అన్న పేరుతో మొదలైంది ఇదే. ఒకే ఫోటో రెండు మూడు చోట్ల ఉంటే పట్టి చూపిస్తుంది. బాగుంది, నెలకి ఒకసారి చాలు. "ఒక్క నొక్కుతో ఫోన్ శుభ్రం" అనే క్లీనర్ యాప్‌లు రెండు వేశాను. రెండూ ప్రకటనలతో ప్రాణం తీశాయి, పైగా మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడిగాయి. తీసేశాను. బ్యాంకు ఓటీపీలు వచ్చే ఫోన్‌లో అలాంటివి పెట్టుకోకండి.

మెమరీ కార్డు సంగతి. మెసేజ్‌లు కార్డులోకి పోతాయనుకుని 64 జీబీది కొన్నాను. పోవు. అవి ఫోన్ లోపలి మెమరీలోనే ఉంటాయి. ఫోటోలు కార్డులోకి మార్చాను, ఆ మేరకు చోటు దొరికింది. ఏడాది దాటాక కార్డు పాడైంది. మా అమ్మాయి బారసాల ఫోటోలు కొన్ని దానితోనే పోయాయి. అందుకే ఇప్పుడు గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయ్యాకే ఫోన్‌లోవి తీస్తున్నాను. అక్కడ ఉచితంగా ఇచ్చే 15 జీబీ జీమెయిల్, డ్రైవ్‌లకి కూడా కలిపే. వాట్సాప్ ఫోల్డర్‌ని మనం విడిగా ఆన్ చేస్తేనే అందులోవి బ్యాకప్ అవుతాయి. ఆ సంగతి చూసుకోకుండా ఫోన్‌లోవి చెరపకండి.

మెసేజ్‌ల కోసం ఎస్సెమ్మెస్ బ్యాకప్ అండ్ రీస్టోర్ యాప్ పెట్టుకున్నాను. వారానికోసారి దానంతట అదే గూగుల్ డ్రైవ్‌లో ఒక కాపీ దాస్తుంది. దాదాపు తొమ్మిది వేల మెసేజ్‌లు, ఫైలు మాత్రం ఐదారు ఎంబీలే. మెసేజ్‌లు చదివే అనుమతి దీనికీ ఇవ్వాలి. కాపీ తీయడమే దీని పని కాబట్టి ఇచ్చాను.

పోయిన ఏడాది ఫోన్‌తో వచ్చిన మెసేజ్ యాప్ వదిలి గూగుల్ మెసేజెస్ అనే యాప్‌కి మారాను. పాతవన్నీ అందులో అలాగే కనబడ్డాయి. 24 గంటల తర్వాత ఓటీపీలు చెరిపే సెట్టింగ్ దాంట్లో ఉంది. అది ఆన్ చేసుకున్నాను, ఓటీపీలు దాచుకునేదేముంది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. యాప్‌ల జాబితాలో "ఫోన్ అండ్ మెసేజింగ్ స్టోరేజ్" అని కనబడితే దాని డేటా క్లియర్ చేయకండి. మెసేజ్‌లు మొత్తం అందులోనే ఉంటాయి. క్యాష్ అంటే యాప్ తాత్కాలికంగా దాచుకునేది, అది వేరు, డేటా వేరు.

2025లో వచ్చిన మార్పు ఒకటి నాకు బాగా పనికొచ్చింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం కంపెనీలు పంపే మెసేజ్‌లలో, పంపినవాళ్ల పేరు చివర ఒక అక్షరం ఉంటుంది. పి అంటే ప్రచారం, ఎస్ అంటే సర్వీసు, టి అంటే లావాదేవీ, జి అంటే ప్రభుత్వం. పి ఉన్నవి కళ్లు మూసుకుని తీసేయొచ్చు.

పోయిన నెల మీటింగ్‌లో అందరి ఫోన్లూ అడిగి చూశాను. ఆరుగురి ఫోన్లలో ఆ "పాత మెసేజ్‌లు తొలగించు" ఆన్‌లోనే ఉంది, అక్కడే ఆఫ్ చేయించాను. మాలో పెద్దమ్మది బటన్ ఫోన్. దాంట్లో మెసేజ్‌ల పెట్టె నిండితే కొత్త మెసేజ్ రాదు. అందుకని పొదుపు పుస్తకం రాయడం అయ్యాక ఆవిడ పక్కన కూర్చుని, పి ఉన్నవి చదివి చెప్పి నేనే చెరుపుతున్నాను.